తీర్పు కోసం ఎదురుచూసే వాటాదారుకు ఈ-కోర్ట్స్ యాప్

మా నాన్నగారు వాటాలు కొన్న ఒక కంపెనీ మాజీ మేనేజింగ్ డైరెక్టరుపై నడిచిన క్రిమినల్ కేసులో వాదనలు ముగిసి, తీర్పు తర్వాత చెబుతామని కోర్టు రిజర్వు చేసినప్పటి నుంచి, కోర్టు కేసుల వివరాలు చూపే ఈ-కోర్ట్స్ సర్వీసెస్ యాప్‌ను నేను దాదాపు రోజూ తెరుస్తున్నాను. ఫిర్యాదుదారులమూ సాక్షులమూ కాని మాలాంటి వారికి కోర్టు నుంచి ఏ కబురూ రాదు కనుక, ఉచితంగా దొరికే ఈ సేవ పెద్ద ఆసరా.

సత్యం కంప్యూటర్స్ వాటాదారుల నిరీక్షణ గుర్తున్నవారికి దీని విలువ తెలుస్తుంది. 2009 జనవరి 7న, లెక్కల్లో మోసం చేశామని ఒప్పుకుంటూ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ బయటపడిన ఆ కేసులో, నాంపల్లి ప్రత్యేక కోర్టు 226 మంది సాక్షులను విచారించాక కూడా, తీర్పు 2014 డిసెంబరు 23 నుంచి 2015 మార్చి 9కి, మళ్లీ ఏప్రిల్ 9కి వాయిదా పడింది. చిన్న వాటాదారుల్లో చాలామందికి ఆ సంగతి పత్రికలు చూస్తేనే తెలిసేది.

యాప్‌లో కక్షిదారు పేరుతో గానీ ఎఫ్‌ఐఆర్ నంబరుతో గానీ కేసు వెతకవచ్చు. ప్రతి కేసుకూ విడిగా ఇచ్చే, అక్షరాలూ అంకెలూ కలిపి పదహారు ఉండే సీఎన్‌ఆర్ నంబరు ఒకసారి దొరికితే, కేసును భద్రపరచుకుని నేరుగా తెరుచుకోవచ్చు. నాకు బాగా నచ్చింది వాయిదాల చరిత్ర: ప్రతి తేదీ పక్కనా ఆ రోజు కేసు ఎందుకు పిలిచారో ఉంటుంది, తేదీని తాకితే ఆనాడు ఏం జరిగిందో క్లుప్తంగా కనిపిస్తుంది. ఆ నాలుగు మాటలే వదంతులను నమ్మకుండా మమ్మల్ని కాపాడాయి.

అయితే జిల్లా కోర్టులకు, హైకోర్టులకు సంబంధించిన ఈ యాప్‌లో కంపెనీల వివాదాలు తేల్చే కంపెనీ లా ట్రిబ్యునల్ వ్యవహారాలు దొరకవు. వాటాదారుకు ఇది చిన్న లోటు కాదు, ఎందుకంటే పోయిన డబ్బు సంగతి కొన్నిసార్లు అక్కడే తేలాలి. సత్యం కేసులో పదిమందికి ఏడేళ్ల జైలుశిక్ష పడినా, దానితో మదుపరుల నష్టం పూడలేదు. అమెరికాలో దావా వేసిన మదుపరులతో మాత్రం 2011లో 12.5 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. కాబట్టి ట్రిబ్యునల్ వెబ్‌సైటును విడిగా చూసుకోక తప్పదు.

అయిదుకు నాలుగు మార్కులు వేస్తాను. మా కేసు పేజీలో ఇప్పుడు ‘తీర్పు కొరకు’ అని ఉంది. తీర్పు రోజు ఉదయం, ఆనాటి కేసుల జాబితా అయిన కాజ్ లిస్టులో వరుస సంఖ్య చూసుకుని, నాన్నగారిని వెంటబెట్టుకుని కోర్టుహాలుకు వెళ్తాను.