చేయి మంచిదే, తూకమే లేదు: నెల్లూరులో ఒక చేపల పులుసు మెస్

ట్రంక్ రోడ్డు పక్క సందులోని ఈ మెస్‌లో బుధవారం పులుసుకి 5కి 5 ఇవ్వొచ్చు. ఆదివారానికి 2 ఎక్కువే. వంటమనిషి ఒకరే, చేపా అదే కొరమీను.

నెల్లూరు పులుసుకి ఓపిక కావాలి. కిలో చేపకి పెద్ద నిమ్మకాయంత చింతపండు. పులుసు పావుగంట మరిగి నూనె తేలాకే ముక్కలు వేయాలి. ఆపై గరిటె ముట్టకూడదు, దాక అంచులు పట్టుకుని తిప్పడమే. దించడానికి 5 నిమిషాల ముందు మామిడికాయ ముక్కలు, వేయించిన మెంతి, ఆవ, జీలకర్ర పొడి. ఇక కనీసం 4 గంటలు ఊరాలి. రాత్రి వండి మర్నాడు వడ్డిస్తే ఇంకా మేలు.

ఆదివారం రద్దీలో 12కి దించి 1కి వడ్డిస్తున్నారు. ముక్క చప్పన, పులుసు వేరు. తరిగిపోతే వేడినీళ్లు, కారం కలిపి సాగదీస్తున్నారు, అదైతే మరీ అన్యాయం!

యజమానికి వంటంటే పిచ్చి, అందులో అనుమానం లేదు. కానీ ఉప్పు ఇప్పటికీ చేతి అంచనాయే. 20 ముక్కలకి కుదిరిన గుప్పెడు 200కి కుదురుతుందా? తూకం రాసుకుని, దాక ఖాళీ కాగానే ‘అయిపోయింది’ అని బోర్డు పెడితే చాలు.

అన్నం, రసం మామూలే. బుధవారం ఒంటిగంటలోపు వెళ్లండి, తలకాయ ముక్క కావాలంటే ముందే చెప్పి ఉంచండి.