కాలనీ వాలీబాల్ బృందం: ఏళ్ల తరబడి ఆడాక ఒక సమీక్ష

హైదరాబాద్‌లో కూకట్‌పల్లి సమీపంలోని ఒక కాలనీలో, తెల్లవారుజామున వాలీబాల్ ఆడే బృందంలో నేను సుమారు ఎనిమిదేళ్లుగా ఆడుతున్నాను. అంతకుముందు జిమ్‌కు డబ్బు కట్టాను, పార్కులో నడిచాను. రెండింటి వల్లా ఒంటికి మేలే జరిగింది గాని, ఏడాది పొడవునా నా పక్క ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తిన మనిషి పేరేమిటో చివరిదాకా తెలియలేదు. ఉద్యోగం కోసం ఊరు విడిచి వచ్చి, పలకరించే నలుగురి కోసం వెతుక్కునే నడివయసు వారికి ఈ ఆట ఎంతవరకు అక్కరకొస్తుందో నా అనుభవం మేరకు చెబుతాను.

నిజానికి ఈ ఆట పుట్టిందే మా వంటి వారి కోసం. 1895లో అమెరికాలోని హోల్యోక్ పట్టణంలో, వై.ఎం.సి.ఎ. అనే యువజన సంస్థలో వ్యాయామ శిక్షణ చూసే విలియం మోర్గాన్, బాస్కెట్‌బాల్ వేగాన్ని తట్టుకోలేని నడివయసు వ్యాపారస్తుల కోసం దీన్ని రూపొందించారు. నడుమ నెట్ ఉంటుంది కనుక అవతలి జట్టు వాడు మీదపడి తోసుకుపోయే ప్రమాదం లేదు. తొమ్మిది మీటర్ల పొడవు, తొమ్మిది మీటర్ల వెడల్పు ఉన్న సగం కోర్టులో ఆరుగురం నిలబడతాం కాబట్టి ఒక్కొక్కరు కాచుకోవలసిన నేల కూడా తక్కువే. అన్నిటికంటే ముఖ్యం, బ్లాక్ (అవతలివాడు కొట్టిన బంతిని నెట్ దగ్గరే చేతులెత్తి అడ్డుకోవడం) సంగతి పక్కన పెడితే, బంతిని ఒకే మనిషి వెంటవెంటనే రెండుసార్లు తాకకూడదు. జట్టంతా కలిసి మూడుసార్లలోపే అవతలికి పంపాలి. ఎంత మొనగాడికైనా స్మాష్ కొట్టాలంటే ఒకరు బంతిని ఎత్తి ఇవ్వాలి, ఆ ఎత్తేవాడికి అంతకుముందు మరొకరు సర్వీసును సరిగా తీసి అందించాలి. మనుషుల్ని దగ్గర చేయాలని ఎవరూ ప్రత్యేకంగా పూనుకోనక్కరలేదు, ఆ పని నిబంధనే చేసిపెడుతుంది.

నేను ఎత్తు ఎగరలేను కనుక తొలినాళ్లలోనే నన్ను లిఫ్టర్‌గా నిలబెట్టారు. నెట్ పక్కన నిలబడి, వెనక నుంచి వచ్చే బంతిని వేళ్ల కొసలతో పైకి లేపి, కొట్టేవాడి చేతికి అందేలా ఇవ్వడం లిఫ్టర్ పని. మా జట్టులో పొడుగ్గా ఉండే కుర్రవాడొకడికి బంతి నెట్‌కు మూరెడు దూరంగా, బాగా ఎత్తుగా కావాలి. వయసులో నాకంటే పెద్దవారైన ఒక ఎలక్ట్రీషియన్‌కు మాత్రం నెట్‌ను ఆనుకుని తక్కువ ఎత్తులో ఇస్తేనే, బంతిని ఏటవాలుగా పక్కకు కొట్టే కట్ షాట్ పడుతుంది. ఎవరికి ఏది నప్పుతుందో గమనించి, ఆ క్షణంలో వారి మోకాళ్లు వంగాయా లేదా అన్నది ఓరకంట చూసి బంతి వదలాలి. పాయింటు వస్తే చప్పట్లు స్మాషర్‌కే దక్కుతాయి. అది మొదట్లో కాస్త చివుక్కుమనిపించినా, ఇప్పుడు నా లిఫ్ట్‌కు మరొకరు కొట్టిన దెబ్బ నా సొంతమన్నట్టే సంతోషిస్తాను. ఆఫీసులో నా కింద పనిచేసే కుర్రవాళ్లకు పని పంచేటప్పుడు కూడా ఎవరి చేతికి ఏది అందుతుందో చూసే అలవాటు నాకు ఇక్కడినుంచే వచ్చింది.

అయితే మొదట్లో మా బృందం రొటేషన్, అంటే ఆటగాళ్లు వరుసగా ఒక్కో స్థానం జరుగుతూ ఆడే పద్ధతి, పాటించేది కాదు. చాలా కాలనీల్లోనూ ఊళ్లలోనూ ఇదే తీరు. బాగా కొట్టేవాళ్లు నెట్ ముందు పాతుకుపోతారు, కొత్తవాళ్లు వెనక మూలల్లో బంతులు ఏరుతుంటారు. మాతో ఆడే ఒక విశ్రాంత డ్రిల్లు మాస్టారు దీన్ని సహించలేదు. గుంటూరు వైపు పెరిగిన మనిషి. ద్రోణాచార్య పురస్కారం పొందిన వాలీబాల్ కోచ్ ఎ. రమణారావు గారి పేరెత్తితే ఆయన మాటకు అంతుండదు. ‘సర్వీసు చేతికొచ్చిన ప్రతిసారీ ఒక స్థానం జరగాల్సిందే, లేకపోతే నెట్ విప్పేస్తాను’ అని ఆయన పట్టుబట్టారు. కొన్ని వారాలు ఆట నాసిగా సాగింది, ఒకరిద్దరు అలిగి మానేశారు కూడా. కాని ఆ తరువాతే కొత్తవాళ్లు నిలదొక్కుకున్నారు. నా దృష్టిలో బృందం బృందంగా మారింది అప్పుడే.

ఆట చుట్టూ అల్లుకున్న పరిచయాల గురించి ఎక్కువ చెప్పను. ఇల్లు మారితే సామాను దింపడానికి మనుషులు దొరుకుతారు. డిగ్రీ చదివే కుర్రవాడికి ఇంటర్వ్యూ ఎలా ఉంటుందో చెప్పే అన్నయ్య దొరుకుతాడు. సర్వర్ పేరూ లిఫ్టర్ పేరూ తప్ప ఇంటిపేరుతో గాని జిల్లాతో గాని పని లేని గంట అది. ఆట అయ్యాక టీ కొట్టు దగ్గర రాజకీయాలు మొదలైతే మాత్రం ఆ గంటలో దొరికిన సఖ్యత కాస్త పలచబడుతుంది.

లోపాలూ ఉన్నాయి. మట్టి నేల మీద కుట్టు బంతి తోలు త్వరగా లేచిపోతుంది, అచ్చుబంతి మన్నుతుంది గాని ముంజేతులు ఎర్రబారేలా తగులుతుంది. లిఫ్టర్లకు వేళ్లు మడతపడటం మామూలు, ప్లాస్టర్ చుట్టుకోక తప్పదు. నలభై దాటినవారు ఒళ్లు వేడెక్కకుండా ఎగిరితే చీలమండ బెణుకుతుంది. వానాకాలంలో వారాల తరబడి ఆట ఉండదు. 1990ల చివర్లో సర్వీసు ఎవరిదైనా ప్రతిసారీ ఏదో ఒక జట్టుకు పాయింటు వచ్చే పద్ధతి వచ్చినా, సర్వీసు చేసే జట్టుకే పాయింటు దక్కే పాతకాలపు పదిహేను పాయింట్ల లెక్క మనసులో నాటుకున్నవారితో ఇప్పటికీ వాదనలు జరుగుతాయి. ఇవన్నీ ఓర్చుకోదగినవే. ఓర్చుకోకూడనిది ఒకటుంది: ఇన్నేళ్లలో మా కోర్టులోకి ఆడవాళ్లు రాలేదు. పురుషుల నెట్ ఎత్తు 2.43 మీటర్లు, మహిళలది 2.24 మీటర్లు, నెట్ దించి ఒక గంట వారికి కేటాయించడం పెద్ద పనేమీ కాదు. ఈ మాట అన్న ప్రతిసారీ అందరూ తలాడించారు గాని నెట్ మాత్రం దిగలేదు. సమాజం దొరికిందని నేను రాస్తున్నది మగవారి సంగతేనని చదివేవారు గుర్తుంచుకోవాలి.

చేరదలచినవారు రెండు మూడు ఉదయాలు గట్టున కూర్చుని చూడండి. అక్కడి స్మాష్‌లను కాదు, తేలిక బంతి జారవిడిచినవాణ్ణి మిగతా అయిదుగురు ఏమంటున్నారో గమనించండి. ‘పర్లేదన్నా, తరువాతది చూద్దాం’ అనే మాట వినిపిస్తే మరునాడు బూట్లు వేసుకుని వెళ్లవచ్చు. తిట్లు వినిపిస్తే పక్క కాలనీలో మరో నెట్ ఉందేమో వాకబు చేయండి. కూకట్‌పల్లి చుట్టుపక్కల వాటికి కొదవ లేదు.