ఫుకుషిమా తీరంలో ఏమి చూడాలి, ఎక్కడ దిగాలి

టోక్యోలోని ఉయెనో స్టేషన్‌లో హితాచి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మూడు గంటలకు పైగా ప్రయాణించాక అణు కేంద్రం పక్కనున్న ఫుతాబా పట్టణం వస్తుంది. ఉదయం వెళ్లి రాత్రికి తిరిగి రావడం సాధ్యమే గానీ, అలా వెళ్లినవారు ఒక మ్యూజియం చూసి వస్తారే తప్ప, 2011 మార్చి 11న భూకంపం, సునామీలతో మొదలై ఇంకా ముగియని అణు ప్రమాదాన్ని చూసి రాలేరని నా అభిప్రాయం. కనీసం ఒక రాత్రి అక్కడ బస చేయాలి. ఫుతాబా మీదుగా సెండాయ్ వరకు వెళ్లే హితాచి బండ్లు తక్కువ కనుక ముందు వాటి వేళలు చూసుకుని, ఆ తర్వాతే మిగతా ఏర్పాట్లు చేసుకోవడం మేలు. నిర్దిష్టమైన సీటు తీసుకోకపోతే తల పైన ఉండే దీపాన్ని గమనించాలి. ఎర్ర దీపమైతే ఆ సీటు ఎవరూ కొనలేదని, ఆకుపచ్చదైతే అమ్ముడుపోయిందని అర్థం. మన అలవాటు కొద్దీ పచ్చ దీపం కింద కూర్చుంటే తర్వాతి స్టేషన్‌లో లేవవలసి వస్తుంది.

తొమ్మిదేళ్లు తెగిపోయి ఉన్న ఈ రైలుమార్గం 2020 మార్చి 14న పూర్తిగా కలిసింది. ప్రమాదంతో ఊరు ఖాళీ చేసిన ఫుతాబా వాసులకు సొంత ఊళ్లో కాపురం ఉండే అనుమతి మాత్రం 2022 ఆగస్టు 30 దాకా రాలేదు, వచ్చింది కూడా ఊళ్లో కొంత భాగానికే. ఒకప్పుడు సుమారు 7,000 మంది ఉన్న చోట ఇప్పుడు ఉంటున్నవారు వందల్లోనే. స్టేషన్ ఎదుట కొత్త పురపాలక కార్యాలయం, కొత్త ఇళ్లు, పాత భవనాల గోడల మీద పెద్ద పెద్ద రంగుల బొమ్మలు కనిపిస్తాయి. రెండు వీధులు దాటితే ఇళ్లు కూల్చిన ఖాళీ స్థలాలే. గంటకు ఎన్ని మైక్రోసీవర్ట్‌ల రేడియేషన్ ఉందో చూపే యంత్రాలు ఇక్కడ బస్టాపుల్లా మామూలు వస్తువులు.

స్టేషన్ నుంచి షటిల్ బస్సులో సముద్రం వైపు వెళ్తే విపత్తు స్మారక మ్యూజియం ఉంది. 2020 సెప్టెంబరులో తెరిచారు. పెద్దలకు టికెట్ 600 యెన్‌లు. ఏర్పాట్లకు వంక పెట్టలేము: శుభ్రత, వరుస, సిబ్బంది మర్యాద అన్నీ బాగున్నాయి. అయితే ఇక్కడ మాటలను బాగా తూచి వాడారనిపిస్తుంది. ప్రభుత్వాన్నో, ఆ అణు కేంద్రాన్ని నడిపిన విద్యుత్ సంస్థ టెప్కోనో విమర్శించవద్దని అనుభవాలు చెప్పేవారికి సూచించినట్టు తెరిచిన కొత్తలోనే అక్కడి పత్రికలు రాశాయి. ఆ లోటును బయట నిలబెట్టిన ఒక బోర్డు కొంత తీరుస్తుంది. ఉజ్వల భవిష్యత్తుకు అణుశక్తే ఇంధనమని చాటుతూ ఫుతాబా ప్రధాన వీధికి అడ్డంగా ఉండిన ఆ నినాదాన్ని 1980లలో ఒక బడిపిల్లవాడు హోంవర్క్‌లో భాగంగా రాశాడు. పెద్దయ్యాక అతనే అణు విద్యుత్తును వ్యతిరేకించి, బోర్డును తీసివేయవద్దని, తప్పుకు సాక్ష్యంగా ఉంచాలని కోరాడు.

మేము వెళ్లినది మార్చి 11నే. మధ్యాహ్నం 2 గంటల 46 నిమిషాలకు, భూమి కంపించిన సమయానికి, అందరూ లేచి సముద్రం వైపు తిరిగి మౌనం పాటించారు. తర్వాత ఎవరి పని వారిదే. ఆ రోజున వెళ్లదలచినవారు గదులను చాలా ముందుగా బుక్ చేసుకోవాలి.

మ్యూజియానికి ఉత్తరాన కొద్ది కిలోమీటర్లలో, నమీయె పట్టణ పరిధిలోని ఉకెదో ప్రాథమిక పాఠశాల శిథిలం ఉంది. ఈ యాత్రలో ఒక్కటే చూడమంటే నేను దీన్నే చూడమంటాను. ప్రమాదం జరిగిన ఫుకుషిమా దాయిచి అణు కేంద్రానికి 6 కిలోమీటర్ల లోపే ఉన్న ఈ బడిలో ఆ రోజు ఉన్న 82 మంది పిల్లలూ టీచర్లతో కలిసి కిలోమీటరున్నర దూరంలోని ఓహిరా కొండకు పరుగెత్తి ప్రాణాలు దక్కించుకున్నారు. కింది అంతస్తులో కిటికీలు, గోడలు, పైకప్పు పలకలు అలలు ఎలా పెరికి వదిలాయో అలాగే ఉన్నాయి. వ్యాయామశాలలో నేల కుంగిపోయింది గానీ వేదిక పైన స్నాతకోత్సవానికి కట్టిన బోర్డు ఇంకా వేలాడుతోంది. పై అంతస్తులో నల్లబల్ల నిండా సైనికులు, తర్వాత వచ్చిన ఊరివారు రాసుకున్న మాటలున్నాయి. అక్కడి నుంచి దక్షిణానికి చూస్తే దాయిచి కేంద్రపు క్రేన్లు కనిపిస్తాయి. ఉకెదో గ్రామానికి జరిగినది సునామీ ఒక్కటే కాదు. మార్చి 12 తెల్లవారుజామున 10 కిలోమీటర్ల పరిధిని ఖాళీ చేయమన్న ఆదేశం రావడంతో, శిథిలాల కింద ఉన్నవారిని వెతకవలసిన దళాలు వెనుదిరగవలసి వచ్చింది. గాలింపు మళ్లీ సక్రమంగా మొదలయ్యేసరికి నెల దాటింది. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో 6 రియాక్టర్ల ప్రతిపాదన గురించి ఏళ్లుగా వింటున్న నాకు, ఇదీ మత్స్యకారుల తీరమే అన్న విషయం అక్కడ ఉన్నంతసేపూ మనసులో మెదులుతూనే ఉంది.

ఫుతాబాకు దక్షిణాన ఉన్న తొమియొకా పట్టణంలో, డీకమిషనింగ్ (పాడైన అణు కేంద్రాన్ని విప్పి శుభ్రం చేసే పని) గురించి చెప్పే టెప్కో ప్రదర్శనశాలకు ప్రవేశం ఉచితం. ఒకప్పుడు అణు విద్యుత్ ప్రచారశాలగా ఉన్న ఈ భవనాన్ని ఐన్‌స్టీన్, ఎడిసన్, మేరీ క్యూరీ పుట్టిన ఇళ్ల నమూనాలో కట్టారు. ఆ బొమ్మరిళ్లలో కూర్చుని ఆ సంస్థ క్షమాపణ వినడం వింతగా ఉంటుంది. అయినా పని ఎంత మిగిలిందో ఇక్కడే బాగా అర్థమవుతుంది: మూడు రియాక్టర్లలో కరిగిపోయిన ఇంధన శిథిలం సుమారు 880 టన్నులు కాగా, 2024 నవంబరులో మొదటిసారిగా బయటికి తీసినది ఒక గ్రాము కన్నా తక్కువ. అదే పట్టణంలోని పురపాలక మ్యూజియంలో, జనాన్ని సురక్షిత ప్రాంతాలకు తరలిస్తూ సునామీకి బలైన పోలీసుల కారు తుప్పుముద్దగా ఉంది. చిన్నదే అయినా తప్పక చూడాలి.

బసకు తొమియొకా స్టేషన్ పక్కన స్థానిక వ్యాపారులు కొందరు చేతులు కలిపి 2017లో తెరిచిన హోటల్ సౌకర్యంగా ఉంటుంది. నరాహా వైపున్న జె-విలేజ్ గదులు ఇంకా విశాలం. ప్రమాదం తర్వాత ఏళ్ల తరబడి ప్రమాద నియంత్రణ పనుల స్థావరంగా ఉన్న ఫుట్‌బాల్ శిక్షణ కేంద్రమిది. మేము మొదటి రాత్రి దిగిన మరో చోట అందరూ డీకమిషనింగ్ కార్మికులే. తెల్లవారకముందే బూట్ల చప్పుడు, ఐదు గంటలకల్లా ఫలహారం. ఆలస్యంగా లేచిన మాకు చల్లారిన అన్నం, మిసో సూప్ మిగిలాయి. రాత్రి ఎనిమిది దాటితే తినడానికి కన్వీనియన్స్ స్టోరే గతి. నమీయె వారి లావు నూడుల్స్ యాకిసోబాలో పంది మాంసం వేస్తారు కనుక శాకాహారులు ఉమెబోషి (ఉప్పులో ఊరబెట్టిన పుల్లటి పండు) పెట్టిన అన్నపు ముద్దలతో సరిపెట్టుకోవాలి.

ఒక్కరోజే వీలైనవారు ఉకెదోకు ముందు వెళ్లి, మ్యూజియానికి తర్వాత రావాలి. రెండింటికీ మంగళవారం సెలవు.