28 ఏళ్ళు సైనిక బ్యారక్‌లలో, క్వార్టర్లలో ఉన్నాక రాస్తున్న సమీక్ష

నేను 1994లో సిపాయిగా చేరి 2022లో సుబేదారుగా పదవీ విరమణ చేశాను. ఈ 28 ఏళ్ళలో రేకుల బ్యారక్‌లు, కొత్త కుటుంబ క్వార్టర్లు, ఎడారి గుడారాలు, లద్దాఖ్ మంచులోని ఫైబర్ గుడిసెలు అన్నీ నాకు ఇళ్ళయ్యాయి. సైనిక వసతి మీదా శిక్షణ సదుపాయాల మీదా ప్రభుత్వం పెట్టే ఖర్చు పత్రికలలో కోట్లలో కనిపిస్తుంది. ఆ కోట్లు ఒక మంచానికీ, ఒక మరుగుదొడ్డికీ, ఒక ఫైరింగ్ రేంజికీ ఏ రూపంలో చేరాయో అక్కడ ఉన్నవాడికి తెలుస్తుంది. నా అనుభవంలో తేలిన విషయం ముందే చెబుతాను. కొత్తది కట్టడానికి డబ్బు ఆలస్యంగానైనా వస్తుంది, కట్టినదాన్ని పదేళ్ళు, ఇరవై ఏళ్ళు నిలబెట్టడానికి మాత్రం చాలినంత రాదు.

రిక్రూటుగా నాకు దొరికిన బ్యారక్ రెండో ప్రపంచ యుద్ధం నాటిది. పైన ఆస్బెస్టాస్ రేకులు, లోపల రెండు వరసలలో 60 మంచాలు, ఒక్కో మంచం కింద ఒక నల్ల ఇనపపెట్టె. అరవై మందికీ కలిపి పనిచేసే మరుగుదొడ్లు ఆరు, వాటిలో రెండింటికి తలుపులు సరిగా పడేవి కావు. ఉదయం 5 గంటలకు ఫాలిన్ (హాజరుకు వరసగా నిలబడటం) అంటే 3:30కే లేచి వరసలో నిలబడాలి, గడ్డం గీసుకుని, బూట్లకు పాలిష్ పెట్టి, దుప్పటి మడతలు సరిచేసుకోవాలి. రాత్రి రోల్‌కాల్ ముగిసి పడుకునేసరికి పది దాటేది కాబట్టి, నిద్ర అయిదున్నర గంటలకు మించేది కాదు. మధ్యాహ్నం ఆయుధ పాఠంలో కునుకు తీసినవాడికి రైఫిల్ తల మీద పెట్టుకుని పరుగెత్తే శిక్ష పడేది. ఆ కునుకుకు కారణం మరుగుదొడ్ల సంఖ్య అని అప్పుడు నాకు తోచలేదు. చాలా ఏళ్ళ తర్వాత నేనే హవల్దారుగా రిక్రూట్లకు పాఠం చెప్పేటప్పుడు, మరుగుదొడ్లు 14కు పెంచిన బ్యారక్‌లోని కుర్రాళ్ళు పాత బ్యారక్‌లోని వాళ్ళకంటే క్లాసులో మెలకువగా ఉండటం, గజ్జి, తామర వంటి చర్మ రోగాలతో వైద్య పరీక్షకు వెళ్ళేవాళ్ళు తగ్గటం కళ్ళారా చూశాక గ్రహించాను. శిక్షణ సదుపాయాల కోసం పెట్టే ఖర్చులో అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చేది ఇదేనని ఇప్పటికీ నా నమ్మకం.

కుటుంబ క్వార్టర్ల సంగతికి వస్తే, 2002లో మొదలైన మ్యారీడ్ అకామడేషన్ ప్రాజెక్టును ప్రస్తావించకుండా ఉండలేను. మూడు సేనలకూ కలిపి దాదాపు 2 లక్షల ఇళ్ళు దశలవారీగా కట్టాలని సంకల్పించారు. మొదట అనుకున్న గడువు నాలుగేళ్ళు. పనులు మాత్రం పదేళ్ళు దాటినా సాగుతూనే ఉన్నాయి. అయినా దాని విలువను తక్కువచేసి మాట్లాడలేను. అంతకు ముందు సిపాయికి పీస్ స్టేషన్‌లో, అంటే కుటుంబంతో ఉండగల చోట, క్వార్టర్ దొరకడమంటే సీనియారిటీ రోల్‌లో ఏడాదికి పైగా ఎదురుచూపు. చాలామంది తమ పేరు పైకి వచ్చేసరికి ఫీల్డుకు బదిలీ అయ్యేవారు. నా వంతు 2008లో వచ్చింది. రెండు పడకగదులు, విడి వంటగది, వెనక చిన్న బాల్కనీ ఉన్న ఇల్లు చూసి మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. ఆమెది తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరం పక్క ఊరు. రెండు ప్రపంచ యుద్ధాలకూ ఇంటింటి నుంచీ మనుషులను పంపిన ఆ మాధవరంలో పెద్దవాళ్ళు చెప్పిన బ్యారక్ కథలు వింటూ పెరిగిన మనిషి, ఇలాంటి ఇల్లు ప్రభుత్వం ఇస్తుందని ఊహించలేదు.

ఆ సంతోషం మొదటి వర్షాకాలం దాకా నిలిచింది. స్నానాలగది గోడ నుంచి పడకగదిలోకి నెమ్ము దిగింది. పైఅంతస్తుకు నీటి ఒత్తిడి చాలక, కింది ఇళ్ళ వాళ్ళు వాడుకున్నాకే మాకు సన్నటి ధార వచ్చేది. నేను డ్యూటీలో ఉండగా, "ఏమండీ, ఇవాళ కూడా పైకి నీళ్ళు ఎక్కలేదు, పిల్లవాడికి స్నానం లేకుండానే బడికి పంపాను" అని ఆవిడ ఫోను చేసిన రోజులు లెక్కలేనన్ని. సైనిక భవనాల నిర్మాణం, నిర్వహణ చూసే ఎం.ఈ.ఎస్. (మిలిటరీ ఇంజినీర్ సర్వీసెస్) కార్యాలయంలోని ఫిర్యాదు పుస్తకంలో ఎనిమిది నెలల్లో పదకొండు సార్లు రాశాను. ప్లంబరు వచ్చాడు, కుళాయి మార్చాడు, వెళ్ళాడు. గోడలో పగిలిన పైపు మార్చడానికి మాత్రం గోడ తవ్వాలి, దానికి వేరే మంజూరు కావాలి, ఆ ఏటికి మరమ్మతుల డబ్బు అయిపోయింది. అక్కడి జూనియర్ ఇంజినీరు మంచి మనిషి. తన చేతిలో ఏముందో, ఏం లేదో నాకు కాగితాలు చూపించి మరీ చెప్పారు.

ఆయన చెప్పినదాంట్లో పాఠకులు తెలుసుకోదగింది ఒకటి ఉంది. కొత్త భవనానికి మూలధన పద్దు కింద ఒకేసారి మంజూరు వస్తుంది, శంకుస్థాపన, ప్రారంభోత్సవం జరుగుతాయి. ఆ భవనం నిర్వహణ రెవెన్యూ పద్దులోకి పోతుంది. ఆ పద్దులోనే జీతాలు, రేషను, ఇంధనం, కరెంటు, నీటి బిల్లులు వంటి తప్పించుకోలేని ఖర్చులు ఉంటాయి కాబట్టి, చేతికి వచ్చే ధనం తగ్గిన ఏడాది ముందుగా వాయిదా పడేవి గోడలకు సున్నాలు, వాటర్‌ప్రూఫింగ్, పైపుల మార్పిడి. మా కాలనీలో ఇంకో చిక్కు కూడా జరిగింది. ఇళ్ళు పూర్తయ్యాక కరెంటు, నీటి కనెక్షన్లు రాక చాలా నెలలు తాళాలతో ఉన్నాయి. గుత్తేదారు తన ఖర్చుతో లోపాలు సరిచేయాల్సిన గడువు ఆ ఖాళీ నెలల్లోనే చాలా భాగం గడిచిపోయింది. మనుషులు కాపురం ఉంటే తప్ప బయటపడని లోపాలు, మనుషులు వచ్చేసరికి ఎవరి బాధ్యతా కాకుండా పోయాయి.

క్వార్టర్ ఖాళీ చేసే రోజు జరిగే మార్చింగ్ అవుట్ తనిఖీలో, నెమ్ముకు ఉబ్బి మూసుకోని తలుపును బ్యారక్ డ్యామేజ్ కింద రాసి, దాని ఖరీదు నా జీతంలో కోశారు. పదకొండు ఫిర్యాదుల నకళ్ళు చూపించినా ఆ కోత ఆగలేదు. మొత్తం పెద్దదేమీ కాదు. ఇంటిని సొంత ఇల్లులా చూసుకున్న మనిషి మీద ఇల్లు పాడుచేశాడన్న రాత పడటం మా ఆవిడ ఇంతవరకూ మరచిపోలేదు, నేనూ మరచిపోలేదు. లోపం నమోదైన తేదీని బట్టి బాధ్యత నిర్ణయించే పద్ధతి ప్రతి స్టేషనులోనూ తప్పక ఉండాలి.

ఈ సమీక్షలో నేను మనస్ఫూర్తిగా పూర్తి మార్కులు వేసేది తూర్పు లద్దాఖ్‌లో వచ్చిన మార్పుకు. 2007లో మొదటిసారి అక్కడికి వెళ్ళినప్పుడు, దాదాపు 15,000 అడుగుల ఎత్తులో ఎనిమిది మందికి ఒక ఫైబర్ గ్లాస్ గుడిసె, మధ్యలో కిరోసిన్ బుఖారీ (గది వేడిచేసే పొయ్యి). బుఖారీ వెలిగిస్తే పొగ, ఆర్పితే చలి. గాలి ఆడక ప్రాణం పోయే ప్రమాదం ఉంది కాబట్టి రాత్రంతా ఒకరు మేలుకుని దాన్ని కనిపెట్టుకుని ఉండాలి. ఉదయం లేస్తే ఉమ్మిలో మసి కనిపించేది. నీళ్ళు కావాలంటే మంచు కరిగించాలి, లేదా వాగు మీది గడ్డను పగలగొట్టి జెర్రీక్యానులో మోసుకురావాలి. స్నానం పదిహేను రోజులకొకసారి, అదీ ఎండ కాసిన రోజున.

2020 జూన్‌లో గల్వాన్‌లో మన సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబుతో సహా 20 మంది అమరులయ్యారు. ఆ ఏడు చలికాలానికి వేల మంది అదనపు జవాన్లు ఆ ఎత్తులో నిలవాల్సి వచ్చింది. నవంబరు తర్వాత 40 అడుగుల దాకా మంచు పడే, ఉష్ణోగ్రత మైనస్ 30, 40 డిగ్రీలకు దిగే ప్రాంతం అది. దారులు మూసుకుపోయేలోగా కరెంటు, నీరు, వేడిమి, పారిశుధ్యం అన్నీ కలిసిన కొత్త వసతి సిద్ధమైందని ఆ నవంబరులో సైన్యం ప్రకటించింది. ఆ వసతిలో ఆ చలికాలం గడిపిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి. రెండంచెల మంచాలు, దళసరి ఇన్సులేషన్ గోడలు, పొగ లేని వేడి, లోపలే మరుగుదొడ్డి. రాత్రి కాపలాకు వెళ్ళి వచ్చినవాడు తడిసిన మేజోళ్ళు ఆరబెట్టుకోగలిగాడు. బయటివాళ్ళకు ఇది చిన్న సంగతిగా తోచవచ్చు. ఆ ఎత్తులో తడి మేజోడు అంటే కాలివేళ్ళు మంచుకు చచ్చుబడటం, చచ్చుబడ్డ వేళ్ళు కోసేయడం. అవసరం గట్టిగా తరిమినప్పుడు కొన్ని నెలల్లో ఇంత పని చేయగలిగిన యంత్రాంగం మనకు ఉందన్నది నేను గర్వంగా చెప్పుకునే మాట, మైదాన స్టేషన్ల ఫైళ్ళు ఏళ్ళ తరబడి నడవటం చూసి బాధపడేదీ అందుకే.

లంగర్‌ల (జవాన్ల వంటశాలల) విషయంలో మార్పు నిస్సందేహంగా మంచిదే. కట్టెల పొయ్యి పోయి గ్యాసు వచ్చింది, పిండి కలిపే యంత్రం వచ్చింది, ఈగలు రాకుండా వల తలుపులు వచ్చాయి. ఇంతకంటే చెప్పవలసింది లేదు.

శిక్షణ సదుపాయాలలో డబ్బు కంటే భూమి పెద్ద సమస్య. పట్టణాలు పెరిగి కంటోన్మెంట్ గోడల దాకా వచ్చాయి. 1806లో ఊరికి దూరంగా వెలసిన సికింద్రాబాద్ కంటోన్మెంట్ ఇప్పుడు మహానగరం నడిబొడ్డున ఉందంటే మిగిలిన చోట్ల సంగతి ఊహించవచ్చు. గుండు ఊరి వైపు పోకుండా పైన, పక్కల అడ్డుగోడలు కట్టిన బాఫిల్ రేంజి ఇందుకు సరైన జవాబు. నా ఉద్యోగ కాలంలో అలాంటి రేంజి అందుబాటులోకి వచ్చిన స్టేషనులో మా కంపెనీ నెలకు మూడు సార్లు ఫైరింగు చేయగలిగింది; అంతకు ముందు రేంజి వంతు కోసం రెండు నెలలు ఆగి, లారీలలో సగం రోజు ప్రయాణం చేసి వెళ్ళేవాళ్ళం. అసలు తూటాలు లేకుండా తెర మీద ఫైరింగు సాధన చేయించే సిమ్యులేటర్లూ మేలు చేశాయి. 1993లో హైదరాబాదులో మొదలైన జెన్ టెక్నాలజీస్ వంటి సంస్థలు మన సేనలకు వీటిని తయారుచేస్తున్నాయి. ఊపిరి బిగబట్టడం, ట్రిగ్గరు నొక్కడం, గురి కుదరడం వంటి మొదటి పాఠాలు తెర ముందు నేర్చుకున్న కుర్రాడు అసలు రేంజిలో తూటాలు వృథా చేయడు. అయితే భుజానికి తగిలే దెబ్బ, ఎండ, గాలి, చెవుల్లో మోత సిమ్యులేటర్ పూర్తిగా నేర్పలేదు కాబట్టి, సిమ్యులేటరు వచ్చిందని అసలు తూటాల లెక్క తగ్గించకూడదు. ఇంకొక మాట: యంత్రం కొన్నప్పుడే దాని ఏసీ గదికీ, మరమ్మతు ఒప్పందానికీ డబ్బు కేటాయించాలి. దుమ్ము పట్టి మూలపడిన సిమ్యులేటరును నేను ఒక చోట ఏడాదిన్నర చూశాను.

2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ నియామక పథకం తర్వాత ఇవన్నీ మరింత ముఖ్యమయ్యాయి. శిక్షణ కాలం తగ్గింది, సేవ నాలుగేళ్ళు, ఆ తర్వాత కొనసాగేది ఒక్కో బ్యాచ్‌లో 25 శాతం దాకానే. ఇంత తక్కువ కాలంలో మరుగుదొడ్డి వరసలో గంట, రేంజి ప్రయాణంలో ఒక రోజు పోగొట్టుకునే తీరిక ఆ కుర్రాళ్ళకు లేదు.

2025-26 రక్షణ బడ్జెటు సుమారు 6.81 లక్షల కోట్లు. అందులో పెన్షన్లు దాదాపు 1.61 లక్షల కోట్లు, మూలధన వ్యయం 1.80 లక్షల కోట్లు. నా పెన్షనూ అందులోదే, అందుకు కృతజ్ఞుణ్ణి. ఆ మూలధనంలోంచే విమానాలు, నౌకలు, ఫిరంగులు, భవనాలు అన్నీ రావాలి. పెద్ద ఆయుధాల పక్కన బ్యారక్ గొంతు వినిపించకపోవడం నాకు అర్థమవుతుంది. కొత్త పద్ధతులకు ఖర్చు పెట్టడమూ మంచిదే. 2022 డిసెంబరులో అహ్మదాబాద్ కంటోన్మెంట్‌లో 3డి ప్రింటింగ్‌తో రెండంతస్తుల ఇల్లు 12 వారాల్లో కట్టారు, ఆ వేగం అభినందించదగింది. అలా కట్టే ప్రతి ఇంటికీ పదేళ్ళ నిర్వహణ ఖర్చును మొదటి మంజూరులోనే కలిపి, వేరే పనికి మళ్ళించకుండా విడిగా ఉంచాలన్నది నా ప్రధాన సూచన.

2023లో మా మేనల్లుడి పాసింగ్ అవుట్ పరేడ్‌కు వెళ్ళాను. పరేడ్ ముగిశాక తల్లిదండ్రులను బ్యారక్ చూడనిచ్చారు. కొత్త నాలుగంతస్తుల భవనం, పలకరాయి నేల, ప్రతి మంచానికీ అలమారా. నేను మూడు మెట్ల వరసలు ఎక్కి పైఅంతస్తు స్నానాలగదిలో కుళాయి తిప్పాను. నీళ్ళు ధారగా వచ్చాయి. "పొద్దున అయిదింటికి కూడా ఇలాగే వస్తాయా?" అని అడిగాను. "వస్తాయి మామయ్యా, కాకపోతే ఈ చివరి రెండు కుళాయిలకు నెల నుంచి రావడం లేదు, రాసి ఇచ్చాం" అన్నాడు. ఫిర్యాదు పుస్తకంలో ఆ తేదీని కూడా ఫోనులో ఫొటో తీసి దాచుకోమని వాడికి చెప్పి వచ్చాను.