400 బ్రినెల్ ప్లేటుకి బెజ్జాలా? నేనైతే ఈ షెడ్డుకే వెళ్తాను

పరిటాల వైపు ఒక కంకర క్రషర్‌లో మెయింటెనెన్స్ చూస్తాను. చూట్ (రాయి జారి పడే తొట్టి) లోపల అరగకుండా వేసే లైనర్ ప్లేట్లు ఎనిమిది, బెజ్జాలు మొత్తం 48. గట్టిదనం 400 బ్రినెల్, అంటే లోహం ఎంత గట్టిదో చెప్పే కొలత. మందం 12 ఎం.ఎం., ఒక్కో ప్లేటు 47 కిలోలు. విజయవాడ ఆటోనగర్‌లో, లారీ బాడీలు కట్టే వీధిలో రేడియల్ డ్రిల్ (చేయి అటూ ఇటూ తిరిగే పెద్ద డ్రిల్ మెషిన్) ఉన్న చిన్న షెడ్డులో చేయించాను. దానికి బోర్డు కూడా లేదు.

అంతకుముందు వేరే చోట ఇచ్చి దెబ్బతిన్నాను. మామూలు హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) బిట్ పెట్టి, మెత్తటి మైల్డ్ స్టీల్‌కి తిప్పినట్టే నిమిషానికి 500 చుట్ల స్పీడ్‌లో తిప్పారు. సగం దిగకముందే కీచుమని అరుపు, పొగ. బిట్ అంచు నీలంగా మాడింది, బెజ్జం అడుగు అద్దంలా నునుపెక్కింది. ఇక గ్యాస్‌తో కోసేద్దామన్నారు. వద్దని ప్లేట్లు వెనక్కి తెచ్చేశాను. ఈ ప్లేటు గట్టిదనమంతా క్వెంచింగ్ (కాల్చి ఒక్కసారిగా చల్లార్చడం), టెంపరింగ్ (మళ్ళీ తగుమాత్రం వేడి చేయడం)తో వచ్చిందే. 250 డిగ్రీలు దాటి కాలిన చోట అది తగ్గిపోతుంది. బోల్టు చుట్టూ మెత్తబడితే రాయి ముందు అక్కడే తినేస్తుంది.

ఈ షెడ్డు మేస్త్రి గారు ముందు ప్లేటు అంచు మీద ఆకురాయి లాగి చూశారు. గట్టిగా నొక్కితే గానీ పట్టలేదు. "టెస్ట్ సర్టిఫికెట్ ఉందా బాబూ?" అన్నారు. చూపించాక 5 శాతం కోబాల్ట్ ఉన్న ఎం35 బిట్ తీసి, దాని ముక్కు తనే గ్రైండర్ మీద పట్టి సరిచేసుకున్నారు. ప్లేటు కింద బెజ్జానికి దగ్గరగా రెండు వైపులా దిమ్మలు పెట్టి, కదలకుండా బిగించారు. బిట్ తగలకముందే కూలెంట్ (చల్లబరిచే ద్రవం) వదిలారు. స్పీడ్ 150 లోపే, ఫీడ్ (బిట్‌ని కిందికి దింపడం) మాత్రం ఆగకుండా. బిట్ అక్కడే రుద్దుకుంటే అంచు పోతుందట. కిందికి తేలబోయే ముందు మాత్రం ఒక్క క్షణం ఫీడ్ వదిలి, మళ్ళీ వేశారు. వంగిన ప్లేటు ఒక్కసారిగా ఎగదన్ని బిట్ విరగ్గొడుతుందని ఆ జాగ్రత్త. చిప్ చుట్టలు చుట్టలుగా వస్తుంటే నాకు టెన్షన్ దిగిపోయింది.

కౌంటర్‌సింక్ (బోల్టు తల కూర్చోవడానికి తీసే గుంట) మాత్రం నాలుగైదు బెజ్జాలకి లోతు చాలలేదు, బోల్టు తల ఒక ఎం.ఎం. పైకి ఉండిపోయింది. రాయి పారే చోట అది పనికిరాదు. చెబితే మారు మాట్లాడకుండా మళ్ళీ దింపారు. కానీ మంగళవారం ఇస్తానన్నది గురువారం అయింది. ముందే ఫోన్ చేసి ఉంటే ఆటో కిరాయి మిగిలేది.

బెజ్జానికి 90 రూపాయలు. మామూలు ప్లేటు రేటు కన్నా ఎక్కువే, అయినా సంతోషంగా ఇచ్చాను. ఆ మాడిన బెజ్జం సంగతి అడిగితే, ప్లేటు తిరగేసి వెనక వైపు నుంచి మార్కు చేసి, కొత్తగా పదునుపెట్టిన బిట్‌తో తీశారు. దానికి పైసా ఎక్కువ తీసుకోలేదు.