పాత అమెరికా కుటుంబాల వేటలో భూమి కాగితాలు, సెన్సస్: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

1850కి ముందు అమెరికాలో బతికిన కుటుంబం గురించి ఎవరు అడిగినా నేను మొదట చెప్పే మాట ఒకటే: సెన్సస్ తర్వాత చూద్దురు గానీ, ముందు భూమి కాగితాలు తెరవండి. చాలామంది తలకిందులుగా మొదలుపెడతారు. సైట్లో పేరు కొడతారు, సెన్సస్ పేజీ వస్తుంది. అందులో ఇంటి యజమాని పేరు ఒక్కటే ఉంటుంది. భార్య, పిల్లలు, ముసలివాళ్లు అందరూ వయసుల వారీగా అంకెలైపోయి ఉంటారు. అక్కడితో పని ఆగిపోతుంది.

నేను ఇండియానాలో ఉంటాను. ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో. సెలవు దొరికితే మాత్రం ఈ పాత రికార్డుల దగ్గరే ఉంటాను. ఇరుగుపొరుగు వాళ్లకు వాళ్ల ముత్తాతల జాడ వెతికిపెట్టడంతో మొదలైన అలవాటు ఇది. ఏళ్లు గడిచేకొద్దీ ఇష్టం పెరిగిందే తప్ప తగ్గలేదు. ఏ రికార్డు ఎంత పనికొస్తుందో, ఏది ఎక్కడ చేతులెత్తేస్తుందో ఇప్పుడు కాస్త ధైర్యంగా చెప్పగలను.

ఒక రికార్డును ఎంతవరకు నమ్మవచ్చో తేల్చుకోవడానికి నేను వాడే పద్ధతి, జవాబు ముందే తెలిసిన కుటుంబం మీద దాన్ని పరీక్షించి చూడటం. అందుకు అబ్రహాం లింకన్ కుటుంబాన్ని మించింది లేదు. మూడు తరాలు మూడు నాలుగు రాష్ట్రాలు తిరిగారు, భూములు కొన్నారు, పోగొట్టుకున్నారు. ప్రతి కాగితాన్నీ చరిత్రకారులు ఎప్పుడో జల్లెడ పట్టేశారు. అదే దారిలో మనం నడిచి చూస్తే, పేరు తెలియని కుటుంబాల దగ్గర ఏ కాగితం ఏం చెబుతుందో, ఏం దాస్తుందో ముందే అర్థమవుతుంది.

లింకన్ తాతగారి పేరు కూడా అబ్రహామే. వర్జీనియాలో లిన్‌విల్ క్రీక్ దగ్గరున్న పొలాన్ని 1780లో అమ్ముకుని కెంటకీ వైపు వచ్చాడు. అప్పటికి కెంటకీ వర్జీనియాలో భాగమే. జెఫర్సన్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) లాంగ్ రన్ అనే వాగు దగ్గర 400 ఎకరాలకు 1785లో సర్వే జరిగింది. ఆ సర్వే కాగితంలో ఇంటిపేరు లింక్‌హార్న్ అని ఉంటుంది. ‘లింకన్’ అని మాత్రమే వెతికేవాళ్లకు అది దొరకదు. రాసేవాడి చెవికి ఎలా వినబడితే అలా రాసిన రోజులవి. 1786లో స్థానిక తెగలవాళ్ల దాడిలో ఆయన పొలంలోనే చనిపోయాడు. అప్పటి వర్జీనియా చట్టం ప్రకారం ఆస్తి పెద్దకొడుకు మొర్దెకైకి పోయింది. ఆఖరివాడైన థామస్‌కు, అంటే అధ్యక్షుడు లింకన్ తండ్రికి, ఏమీ రాలేదు. ఆ ఇంటి కష్టసుఖాలన్నీ ఈ ఒక్క మలుపు దగ్గరే తిరిగాయి.

ఇందులో ఒక్క ముక్క కూడా సెన్సస్‌లో లేదు. అమెరికాలో మొదటి సెన్సస్ జరిగింది 1790లో. కెంటకీకి సంబంధించి 1790, 1800 పేజీలు రెండూ మిగల్లేదు. ఆ ఇరవై ఏళ్లకు పన్ను జాబితాలే దిక్కు. పన్ను జాబితాలకు నేను మంచి మార్కులే వేస్తాను. సెన్సస్ పదేళ్లకోసారి వస్తే ఇవి ఏటేటా ఉంటాయి. ఒక కుర్రాడు ఎప్పుడు వయసుకొచ్చాడో, ఎప్పుడు ఊరు వదిలాడో వాటిని బట్టి పట్టుకోవచ్చు.

ఇక కెంటకీ భూమి రికార్డుల సంగతి. చూడటానికి ఇష్టం, చదవడానికి కష్టం. వారంటు (ఇంత భూమి తీసుకోవచ్చన్న అనుమతి పత్రం), ఎంట్రీ (ఫలానా చోటు కావాలని రాయించుకోవడం), సర్వే, పట్టా అని నాలుగు మెట్లు. ఈ పట్టానే అక్కడ పేటెంట్ అంటారు. నాలుగింటికీ వేరు వేరు కాగితాలు. హద్దులన్నీ చెట్లు, రాళ్లు, వాగుల మీదే: ఫలానా తెల్ల ఓక్ చెట్టు దగ్గర మొదలై, ఫలానా దిక్కుగా ఇన్ని పోల్స్ పోతే బీచ్ చెట్టు, అక్కడి నుంచి వాగు వెంబడే పోవాలి. పోల్ అంటే పదహారున్నర అడుగులు. చెట్టు పడిపోతే హద్దూ పోయినట్టే. ఒకరి సర్వే మీద ఇంకొకరి సర్వే ఎక్కి కూర్చునేది. మన దగ్గర దస్తావేజు చెక్కుబందీ చదివిన అలవాటున్నవాళ్లకు ఇవి త్వరగానే లొంగుతాయి. కెంటకీ లాండ్ ఆఫీసు ఈ పాత సర్వేలనూ పట్టాలనూ స్కాన్ చేసి ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టింది. గొప్ప మేలు చేశారు.

థామస్ లింకన్ ఈ గందరగోళంలోనే నలిగిపోయాడు. 1803లో మిల్ క్రీక్ దగ్గర 238 ఎకరాలు కొన్నాడు. కొలతల లోపం వల్ల అమ్మేటప్పుడు లెక్క 200 ఎకరాలకు దిగింది. 1808 చివర్లో సింకింగ్ స్ప్రింగ్ పొలం తీసుకున్నాడు. మరుసటి ఫిబ్రవరిలో అబ్రహాం పుట్టింది అక్కడే. దాని హక్కు కూడా చిక్కుల్లో పడింది. తర్వాత ఉన్న నాబ్ క్రీక్ పొలం మీద ఖాళీ చేయించే దావా పడింది. 1816 చివర్లో సామాను సర్దుకుని ఇండియానా వచ్చేశారు. బానిసత్వం కొంత కారణమే అయినా, కెంటకీలో భూమి హక్కుల చిక్కులే ముఖ్య కారణమని లింకన్ స్వయంగా 1860లో రాశాడు. ఒక కుటుంబం ఎందుకు కదిలిందన్న ప్రశ్నకు సెన్సస్ ఎప్పుడూ జవాబు చెప్పదు. అది చెప్పగలిగేవి దస్తావేజులూ కోర్టు కాగితాలే.

ఇండియానాకు వచ్చేసరికి భూమి పద్ధతే మారిపోతుంది. 1785 చట్టంతో మొదలైన చదరాల సర్వే ఇది. ఆరు మైళ్ల చదరం ఒక టౌన్‌షిప్, అందులో 36 సెక్షన్లు, ఒక్కో సెక్షన్ 640 ఎకరాలు, అందులో పావు భాగం 160. కొలిచింది 66 అడుగుల గొలుసుతో. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. తెలంగాణలో మనం లెక్కపెట్టే గుంట కూడా ఆ కొలతకే అతుకుతుంది: అర గొలుసు పొడవు, అర గొలుసు వెడల్పు, అంటే 33 అడుగుల చదరం. అలాంటివి నలభై అయితే ఎకరం. ఈ సంగతి తెలిశాక ఆ పాత మ్యాపులు నాకు సొంత ఊరి మ్యాపుల్లా అనిపించడం మొదలైంది.

ఇక్కడి భూములకు నేను అన్నిటికంటే ఎక్కువగా వాడేది సమాఖ్య ప్రభుత్వ భూములు చూసే బ్యూరో ఆఫ్ లాండ్ మేనేజ్‌మెంట్ వారి జీఎల్ఓ (జనరల్ లాండ్ ఆఫీస్) రికార్డ్స్ సైటు. ఉచితం, ఖాతా అక్కర్లేదు. సమాఖ్య ప్రభుత్వం ఇచ్చిన యాభై లక్షలకు పైగా హక్కు పత్రాలు అందులో ఉన్నాయి. పేరుతో వెతకవచ్చు. అంతకంటే గొప్ప సదుపాయం, సెక్షన్ నంబరుతో వెతకడం. ఒక సెక్షన్ తెరిచి చుట్టూ ఎవరెవరు భూమి తీసుకున్నారో చూస్తే, పాత ఊళ్లో పక్కపక్కనే బతికినవాళ్లే ఇక్కడా కనిపిస్తారు. బావమరుదులు, అల్లుళ్లు, మేనమామలు కలిసే కదిలేవారు. భార్య పుట్టింటి ఇంటిపేరు తెలియక తల పట్టుకున్న చాలామందికి ఆ పేరు నాకు పక్క పొలం పట్టాలోనే దొరికింది.

అయితే ఈ సైటు ఒక్కటే చూస్తే ఏం జరుగుతుందో చెబుతాను. థామస్ లింకన్ పట్టాలో ఉన్న సంవత్సరం 1827. దాన్ని మాత్రమే చూసినవాళ్లు ఆయన 1827లో వచ్చాడనుకుంటారు. అసలు కథ వేరు. 1817 అక్టోబరు 15న విన్సెన్స్ భూమి కార్యాలయంలో ఆయన పేరు నమోదైంది. భూమి: రెండో ప్రధాన రేఖాంశం ప్రకారం టౌన్‌షిప్ 4 దక్షిణం, రేంజ్ (ఆ రేఖాంశం నుంచి తూర్పు పడమరలకు లెక్కపెట్టే వరుస) 5 పశ్చిమం, సెక్షన్ 32, నైరుతి పావు. 160 ఎకరాలు, ఎకరం రెండు డాలర్లు, మొత్తం 320. ముందు 16 డాలర్లు, డిసెంబరులో 64 డాలర్లు కట్టాడు. అంటే పావు వంతు చేతికిచ్చి మిగతాది వాయిదాల మీద పెట్టుకున్నాడు. ఆ వాయిదాలు కట్టలేక దేశమంతటా రైతులు కుదేలయ్యారు. 1820లో ప్రభుత్వం అప్పు పద్ధతి ఎత్తేసి, ఎకరం డాలరుంపావుకు రొక్కానికే అమ్మడం మొదలుపెట్టింది. పాత బాకీదారులు కొంత భూమి వదులుకుని మిగతాది దక్కించుకునే వీలు కల్పించింది. థామస్ తూర్పు సగం వదిలేసి, పడమటి సగం 80 ఎకరాలకు బాకీ తీర్చి 1827లో పట్టా తీసుకున్నాడు. రాకకూ పట్టాకూ మధ్య పదేళ్లు దాటాయి. ఆ పదేళ్లలోనే అబ్రహాం తల్లి నాన్సీ 1818 అక్టోబరులో పాల జబ్బుతో (విషపు మొక్క తిన్న ఆవుల పాల వల్ల వచ్చేది) కన్నుమూసింది, 1819 డిసెంబరులో సవతి తల్లిగా సారా బుష్ ఆ ఇంటికి వచ్చింది, ఏడేళ్ల పిల్లవాడు అబ్రహాం పద్దెనిమిదేళ్ల యువకుడయ్యాడు. అందుకే పట్టా దగ్గర ఆగకుండా భూమి కార్యాలయం రిజిస్టర్లు, ట్రాక్ట్ బుక్కులు (ఏ ముక్క ఎవరి పేర రాశారో చెప్పే పుస్తకాలు) కూడా చూడమంటాను. వదులుకున్న భూములు, మధ్యలో రద్దయిన దరఖాస్తులు పట్టాల్లో ఉండవు, వాటిలోనే ఉంటాయి.

ఇంకో పరిమితి. జీఎల్ఓ సైటులో పాత పదమూడు రాష్ట్రాలు, కెంటకీ, టెన్నెసీ, టెక్సస్ లాంటివి ఉండవు. అక్కడ భూమి పంచింది సమాఖ్య ప్రభుత్వం కాదు. వాటికి ఆయా రాష్ట్రాల, కౌంటీల కాగితాలే.

ఇప్పుడు సెన్సస్. 1820 పేజీలో మగవాళ్లకు వయసుల గడులు ఇలా ఉంటాయి: పదేళ్లలోపు, 10 నుంచి 16 లోపు, 16 నుంచి 18, 16 నుంచి 26 లోపు, 26 నుంచి 45 లోపు, ఆపైన. 16–18 గడిలో ఉన్న కుర్రాళ్లను 16–26 గడిలో మళ్లీ లెక్కపెట్టారు. ఇది తెలియకుండా అన్నీ కూడితే ఇంట్లో లేని కొడుకు పుట్టుకొస్తాడు. స్పెన్సర్ కౌంటీలో పదకొండేళ్ల అబ్రహాం అలా 10–16 గడిలో ఒక అంకె మాత్రమే. పైగా థామస్ ఇంట్లో అప్పుడు ముగ్గురు సవతి పిల్లలు, చుట్టాలబ్బాయి డెన్నిస్ హాంక్స్ కూడా ఉన్నారు. గడుల్లో అంకె పడ్డ ప్రతి పిల్లనీ యజమాని సంతానంగా రాసుకునే వంశవృక్షాలు ఎన్ని చూశానో! దయచేసి అలా రాయకండి.

1850 నుంచి పరిస్థితి బాగుపడుతుంది. స్వేచ్ఛగా ఉన్న ప్రతి మనిషి పేరు, వయసు, పుట్టిన రాష్ట్రం వస్తాయి. 1880లో యజమానికి ఏమవుతారో కూడా రాశారు. అయినా వయసులను గుడ్డిగా నమ్మకూడదు. 1860లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో లింకన్ వయసు 51 అని సరిగ్గానే ఉంది, భార్య మేరీ వయసు మాత్రం 35 అని ఉంది. అప్పటికి ఆమెకు 41. అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న మనిషి ఇంట్లోనే ఇలా ఉంటే మిగతా ఇళ్ల సంగతి చెప్పేదేముంది? 1890 సెన్సస్ అయితే దాదాపు మొత్తం పోయింది. 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్ని ప్రమాదం ఇరవై ఏళ్ల గుంతను మిగిల్చింది. దాన్ని దాటడానికి మళ్లీ దస్తావేజులే నిచ్చెన.

చెప్పక తప్పని మాట ఇంకొకటి ఉంది. 1850, 1860లలో బానిసల లెక్క వేరే పత్రంలో తీశారు. అందులో యజమాని పేరు ఉంటుంది, బానిసలకు వయసు, రంగు, ఆడా మగా లాంటి గుర్తులు తప్ప పేర్లు ఉండవు. 1870కి ముందు సెన్సస్‌లో బానిసల పేర్లు లేవు కాబట్టి, నల్లజాతి కుటుంబాల తరఫున వెతికేటప్పుడు 1870 దగ్గర గోడ తగులుతుంది. ఆ గోడ దాటాలంటే యజమానుల వీలునామాలు, ఆస్తి పంపకాల జాబితాలు, అమ్మకం పత్రాలు చదవాలి. చదువుతుంటే కడుపు తరుక్కుపోతుంది. అలాగే ఈ చదరాల భూములన్నీ ఖాళీగా పడి ఉన్నవి కావు. థామస్ లింకన్ కొన్న ప్రాంతం 1804 ఒప్పందాలతో డెలావేర్, పియాంకషా తెగల చేతుల్లోంచి తీసుకున్నది. ఏ కుటుంబ చరిత్ర రాసినా ఈ వాక్యం కూడా రాయాలని నా పట్టుదల.

కౌంటీ దస్తావేజులకు ఫ్యామిలీసెర్చ్ అనే వంశచరిత్ర సైటు వాడతాను. ఖాతా ఉచితం. కొన్ని చిత్రాలు వాళ్ల కేంద్రాల్లోనో అనుబంధ లైబ్రరీల్లోనో మాత్రమే తెరుచుకుంటాయి. 2024 నుంచి చేతిరాత దస్తావేజుల్లో ఏ మాటనైనా వెతికే సౌకర్యం వచ్చింది. నా పని తీరే మారిపోయింది. ఇదివరకు అమ్మినవాడి పేరో కొన్నవాడి పేరో తెలిస్తేనే సూచిక పనికొచ్చేది. ఇప్పుడు సాక్షిగా సంతకం చేసినవాడు, హద్దుల్లో పేరు పడ్డ పొరుగువాడు కూడా దొరుకుతున్నాడు. దస్తావేజుల్లో ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా చూడండి. భర్త భూమి అమ్మితే భార్యకు దానిమీద హక్కుంటుంది కాబట్టి, ఆమెను విడిగా అడిగి ఒప్పుకోలు రాయించేవారు. 1814లో మిల్ క్రీక్ భూమి అమ్మకంలో నాన్సీ లింకన్ పెట్టిన గీత గుర్తు అలాగే మిగిలింది. ఆ కాలపు సెన్సస్‌లో ఆమె పేరు ఎక్కడా ఉండదు.

ఒక చందా సైటుకు చాలాకాలం డబ్బు కట్టాను. సెన్సస్ బొమ్మలు బాగున్నా, వాళ్ల సూచికలో పేర్లు దారుణంగా ఉండేవి. పాత రాతలో జంట ఎస్‌లో మొదటిది ఎఫ్‌లా కనిపిస్తుంది. దాన్ని అలాగే ఎక్కించేశారు. సవరణలు పంపినా ఉలుకూ పలుకూ లేదు, ఆపేశాను. చందా కట్టేముందు మీ దగ్గర లైబ్రరీలో అడగండి. చాలాచోట్ల అవే సైట్లు ఉచితంగా వాడనిస్తారు. ఇండియానాలో ఉన్నవాళ్లకైతే ఫోర్ట్ వేన్‌లోని అలెన్ కౌంటీ పబ్లిక్ లైబ్రరీ ఉంది. వంశచరిత్ర సేకరణలో దేశంలోనే పెద్ద లైబ్రరీల్లో ఒకటి, వెళ్లి ఒక రోజంతా కూర్చోండి.

వెళ్లేముందు మాత్రం కౌంటీ పుట్టిన తేదీలు రాసి పెట్టుకోండి. లింకన్లు వచ్చి దిగింది పెర్రీ కౌంటీలో. 1818లో స్పెన్సర్ కౌంటీ ఏర్పడ్డాక అదే ఇల్లు స్పెన్సర్‌లోకి వచ్చింది. సింకింగ్ స్ప్రింగ్ అప్పట్లో హార్డిన్ కౌంటీ, 1843 నుంచి లారూ. మనిషి కదలకపోయినా కౌంటీ మారుతుంది, పాత దస్తావేజులు మాత్రం పాత కౌంటీ ఆఫీసులోనే ఉండిపోతాయి.