24 అంగుళాల మానిటర్ నాలుగేళ్లు వాడాక: ఊరికే నిద్రపోయే జబ్బు, దాని వైద్యం

గుంటూరులో మాది చిన్న డీటీపీ షాపు. పెళ్లికార్డులు, కరపత్రాలు, విజిటింగ్ కార్డులు, ఇవే పని. 2021లో పాత 19 అంగుళాల చదరం మానిటర్ పక్కన ఈ 24 అంగుళాల ఐపీఎస్ (పక్క నుంచి చూసినా రంగు పెద్దగా మారని రకం తెర) మానిటర్ పెట్టా, ఫుల్ హెచ్‌డీ, 75 హెర్ట్జ్. కంపెనీ పేరు రాయట్లేదు, ఎందుకంటే గొడవలో సగం దానిది, సగం విండోస్‌ది, కాస్త నాది కూడా. రోజుకి పది గంటలకి తక్కువ కాకుండా నడుస్తోంది, ప్యానెల్‌కి మాత్రం వంక పెట్టలేను, ఒక్క డెడ్ పిక్సెల్ లేదు, అక్షరాలు ఎంత చిన్నవి పెట్టినా కొమ్ము ఏదో దీర్ఘం ఏదో తెలుస్తుంది. నన్ను ఏడిపించిందల్లా దీని నిద్రే.

మొదటి దెబ్బ కరెంటు పోయినప్పుడు తగిలింది. ఒక పెద్దాయన మనవరాలి పెళ్లికార్డు ప్రూఫ్ చూస్తున్నారు, కరెంటు పోయింది, యూపీఎస్ కుయ్ కుయ్ మంటోంది, ఆయన మాత్రం బంధువుల పేర్లు ఒక్కొక్కటీ వేలు పెట్టి చదువుతున్నారు. మౌస్ ఎవరం ముట్టుకోలేదు. ఉన్నట్టుండి స్క్రీన్ నల్లబడింది. "ఏం బాబూ, పోయిందా?" అన్నారు. "బ్యాటరీ అయిపోయినట్టుంది బాబాయ్ గారూ" అని సీపీయూ లైటు వెలుగుతోందో లేదో కూడా చూడకుండా యూపీఎస్ బటన్ నొక్కేశా. ఫైల్ సేవ్ చేయలేదు. మళ్లీ మొదటి నుంచి కొట్టుకున్నా, ఆయన మళ్లీ మొదటి నుంచి చదువుకున్నారు.

ఇలా నాలుగైదు సార్లు అయ్యాక గానీ అర్థం కాలేదు. యూపీఎస్ వెనకున్న యూఎస్‌బీ వైరు నేనే సీపీయూకి పెట్టా, బ్యాటరీ ఎంతుందో కనిపిస్తుంది కదా అని. ఆ వైరు పెడితే విండోస్ మన డెస్క్‌టాప్‌ని కూడా ల్యాప్‌టాప్ లాగే చూస్తుంది, కింద బ్యాటరీ గుర్తు వస్తుంది, కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో 'చేంజ్ ప్లాన్ సెట్టింగ్స్' నొక్కితే స్క్రీన్ ఎంతసేపటికి ఆరిపోవాలో పెట్టుకోడానికి రెండు కాలమ్స్ ఉంటాయి, ఆన్ బ్యాటరీ ఒకటి, ప్లగ్‌డ్ ఇన్ ఒకటి. నేను ఎప్పుడో ప్లగ్‌డ్ ఇన్ దాంట్లో 30 నిమిషాలు పెట్టుకుని ఊరుకున్నా, పక్కదాంట్లో 5 నిమిషాలు అలాగే ఉంది. 15 చేశా, ఆ జబ్బు పోయింది.

రెండోది అసలు పెద్దది. మధ్యాహ్నం భోజనానికి వెళ్లి వస్తే మానిటర్ లేవదు. మౌస్ కదిపితే లైటు వెలుగుతుంది, నో సిగ్నల్ అంటుంది, మళ్లీ పడుకుంటుంది, వెనక పవర్ పిన్ను పీకి పెడితే గానీ బొమ్మ రాదు. పైగా తెరిచి ఉంచిన విండోలన్నీ పాత మానిటర్ మీదకి వెళ్లి ఒకదాని మీద ఒకటి కుప్ప పడి ఉండేవి. ఒక మెకానిక్ బోర్డు పోయింది మార్చాలన్నాడు, సరే అని డబ్బులు కూడా తీసి పెట్టా, పెళ్లిళ్ల సీజన్ కావడంతో మానిటర్ ఇచ్చి కూర్చోడానికి వీల్లేక ఆగా, అదే మంచిదైంది.

జరిగేది ఏంటంటే, మానిటర్ సొంత మెనూలో డీప్ స్లీప్ అని ఒకటి ఉంది, అది ఆన్‌లో ఉంటే పడుకున్నప్పుడు డిస్‌ప్లేపోర్ట్ (కంప్యూటర్ నుంచి బొమ్మ వచ్చే వైరు పెట్టే సాకెట్) వైపు కూడా ఆపేస్తుంది, కంప్యూటరేమో వైరు ఎవరో పీకేశారనుకుని విండోలన్నీ పక్క మానిటర్‌కి తోసేస్తుంది. లేపినప్పుడు ఆటో సోర్స్ అని ఇంకోటి ఉంది కదా, అది బొమ్మ హెచ్‌డీఎంఐ సాకెట్‌లో ఉందా వీజీఏ సాకెట్‌లో ఉందా అని వెతుక్కుంటూ తిరుగుతుంది, ఈలోపు కంప్యూటర్ నుంచి సిగ్నల్ రాకపోతే సరే మనకేం పని లేదని పడుకుంటుంది. డీప్ స్లీప్ ఆఫ్ చేసి, ఇన్‌పుట్ ఆటో తీసేసి డిస్‌ప్లేపోర్ట్ అని ఖాయం చేశా. ఏడాదిన్నర అయింది, ఒక్కసారి కూడా పిన్ను పీకలేదు. కరెంటు ఎక్కువ కాలుతుందేమో అని భయం వద్దు, నా మాన్యువల్‌లో మామూలు స్టాండ్‌బై 0.5 వాట్ లోపే అని ఉంది, ఏడాదంతా అలాగే ఉంచినా నాలుగున్నర యూనిట్లు కూడా దాటదు.

ఇక దీనికి రివర్స్ గొడవ, రాత్రి షాపు మూసి పొద్దున వస్తే స్క్రీన్ దేదీప్యమానంగా వెలుగుతూ ఉండటం. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి పవర్‌సీఎఫ్‌జీ, ఒక స్పేస్, స్లాష్, రిక్వెస్ట్స్ (powercfg /requests) అని కొడితే ఎవరు నిద్ర పోనివ్వట్లేదో పేరు చెప్పేస్తుంది. మా కుర్రాడు పొద్దున్నే సుప్రభాతం వీడియో లూప్‌లో పెట్టి సౌండ్ తగ్గించేసి మర్చిపోతున్నాడు, డిస్‌ప్లే అనే వరసలో క్రోమ్ పేరు దొరికింది. ఆ ట్యాబ్ మూసినా కొన్ని రాత్రులు వెలుగుతూనే ఉంది, అప్పుడు దొరికినవాడు మౌసు. మాది గాజు టేబుల్, పైన ఫ్యాన్ ఊపుకి సన్నగా అదురుతుంది, గాజు మీద మౌస్ ఎర్ర లైటుకి పట్టు దొరక్క కర్సర్ దానంతటదే వణుకుతుంది, ఎవరో పని చేస్తున్నారని విండోస్ అనుకుంటుంది. పాత క్యాలెండర్ అట్ట ముక్క కోసి మౌస్ కింద వేశా, అంతే.

ఎకో మోడ్ గురించి ఒక్క మాట, మా పనికి అది పనికిరాదు. అది ఆన్‌లో ఉంటే బ్రైట్‌నెస్ మన చేతికి రాదు. డైనమిక్ కాంట్రాస్ట్ ఇంకా ఘోరం, తెల్ల పేజీ తెరిస్తే ఒక వెలుగు, ముదురు మెరూన్ కార్డు తెరిస్తే ఇంకో వెలుగు, కస్టమర్‌కి చూపించిన కుంకుమ రంగు ఒకటి ప్రింట్‌లో వచ్చింది ఇంకోటి అని రెండు సార్లు మాట పడ్డా. రెండూ ఆఫ్ చేసి బ్రైట్‌నెస్ 40లో పెట్టా, కళ్లకీ హాయి, కరెంటూ దాంట్లోనే తగ్గుతుంది.

రేటింగ్ అడిగితే ప్యానెల్‌కి ఐదుకి ఐదు, మెనూకి రెండు, ఆ రెండు కూడా బటన్లు ఇంకా పని చేస్తున్నందుకు. కొనేవాళ్లు డీప్ స్లీప్ ఆఫ్ చేసే వీలుందో లేదో మాన్యువల్‌లో చూసుకుని కొనండి. పడుకున్నప్పుడు మిణుకు మిణుకుమనే తెల్ల లైటుకి మాత్రం ఏ సెట్టింగూ దొరకలేదు, మా ఆవిడ బొట్టుబిళ్ల ఒకటి అంటించా.